చేతులు మారిన కావలి



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆ సారు జీవితమంతా కామర్సు పాఠం చెప్పారు. కంపెనీల విలీనం అధ్యాయం వచ్చిందంటే బోర్డుకు ఒక పక్క ఒక కంపెనీ ఆస్తి అప్పుల పట్టీ, ఇంకో పక్క రెండోదాని పట్టీ వేసి, గుడ్‌విల్ ఎంతో తేల్చమనేవారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఇవాళ ఈ ప్రొద్దుటూరు బంగారు కొట్ల లెక్కలు రాస్తున్నారు. ఆయన పాఠానికీ ఈ ఊరి వ్యాపారానికీ చుట్టరికం కలిసే విషయం ఏదని వెతికితే నాకు తోచింది కాపలా వ్యాపారం. తాళాలు, ఇనప్పెట్టెలు, కెమెరాలు, సెక్యూరిటీ గార్డులు: వీటిని అమ్మే కంపెనీలు ఒకదాన్నొకటి ఎలా కొనుక్కుంటున్నాయి, ఆ కొనుగోళ్ల వెనుక సాంకేతికత ఎటు నడుస్తోంది, మధ్యలో మన కొట్టుకు, మన తోటకు జవాబు చెప్పేదెవరు అన్నది నేటి మాట.

ఇంత పెద్ద సంగతికి ప్రొద్దుటూరులో సభ ఎందుకని అనుకోవద్దు. రెండో బొంబాయి అని పేరు తెచ్చుకున్న ఊరిది. పసిడి ఉన్నచోట కాపలా గురించి మాట్లాడకపోతే ఇంకెక్కడ మాట్లాడతాం? పైగా దేశంలో అమ్ముడయ్యే సీసీ కెమెరాల్లో పెద్ద భాగం తయారవుతున్నది మన జిల్లాలోనే, కడప పొలిమేరల్లోని కొప్పర్తిలో. అక్కడి ఫ్యాక్టరీ కథకు తర్వాత వస్తాను. ముందు కాస్త వెనక్కి వెళ్దాం.

జమ్మలమడుగు పిల్లలకు గండికోట కొత్త కాదు. ఒక పక్క పెన్న కోసిన లోయ, మిగతా పక్కల ప్రాకారం, బురుజులు. పెమ్మసాని నాయకులు దాన్ని తరతరాలు ఏలారు. 1650లో గోల్కొండ వజీరు మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వ్యాపారి తావెర్నియే వచ్చి ఆయన్ను ఇక్కడే కలిశాడు. తన దేశస్థుడొకడు మీర్ జుమ్లా కోసం ఫిరంగులు పోతపోసే పనిలో ఉన్నాడనీ, రాగి కోసం గుళ్లలోని విగ్రహాలను పోగేశారనీ ఆయన రాసుకున్నాడు. ఇంకొన్నేళ్లకే మీర్ జుమ్లా గోల్కొండను వదిలి మొగలుల కొలువులో చేరిపోయాడు. కోట గోడ ఒక్క రాయి కదల్లేదు. దాని చాటున బతికే ఊళ్లు మాత్రం ఎవరికి మొరపెట్టుకోవాలో మళ్లీ తెలుసుకోవాల్సి వచ్చింది. గోడ ఒకటి, గోడ తరఫున జవాబు చెప్పే మనిషి ఇంకొకరు. ఈ రెండింటినీ కలిపి చూడటం మనకు అలవాటు. కాపలా వ్యాపారం లోగుట్టు తెలియాలంటే విడదీసి చూడాలి.

పాళెగాళ్ల కాలంలో సీమలో కావలి అనే ఏర్పాటు ఉండేది. ఊరి కావలి, దారి కావలి. కావలికారుకు రైతులు, వర్తకులు రుసుము కట్టేవాళ్లు. సొమ్ము పోతే అతను దొంగను పట్టివ్వాలి, పట్టలేకపోతే సొమ్ము తానే పెట్టుకోవాలి. షరతు అదీ. ఆచరణలో ఇది చాలా చోట్ల చెడిందన్నది కూడా నిజమే. రుసుము తీసుకునేవాడే దోపిడీకి మనుషుల్ని పంపిన సందర్భాలు తక్కువేమీ కాదు. 1800లో ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీకి దత్తమయ్యాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో దాదాపు 80 మంది పాళెగాళ్లను అణచడానికి ఈ కావలి పేరిట సాగిన వసూళ్లు కూడా ఒక కారణం. 1816 చట్టంతో ఊరి పోలీసు బాధ్యత గ్రామాధికారికీ తలారికీ వచ్చింది. ఆ పాత ఏర్పాటును నేను పొగడటం లేదు. అందులోని ఒక్క షరతును గుర్తుపెట్టుకోమంటున్నాను: డబ్బు తీసుకున్నవాడు నష్టానికి పూచీ పడాలి. ఇవాళ కెమెరా అమ్మిన కంపెనీ పత్రంలో ఆ షరతు ఎక్కడుందో వెతకండి. దొరకదు.

ఇప్పుడు విలీనాల దగ్గరికి వద్దాం. చబ్ అనే పేరు తీసుకుందాం. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ డాక్‌యార్డులో జరిగిన దొంగతనం తర్వాత, 1818లో చబ్ సోదరులు కొత్తరకం తాళం చేశారు. మారు తాళంచెవితో తెరవబోతే బిగుసుకుపోయి ఆ సంగతి యజమానికి పట్టిచ్చే తాళం అది. తర్వాత ఇనప్పెట్టెలు చేశారు, ఆ తర్వాత అలారాలు, గార్డులు కూడా ఇచ్చారు. దాదాపు రెండు వందల ఏళ్లు ఒక్క పేరు కింద కాపలాకు కావలసినవన్నీ దొరికాయి. 1984లో రాకల్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. 1997లో విలియమ్స్ హోల్డింగ్స్ కొనుక్కుంది. అక్కడి నుంచి ముక్కలు మొదలు. 2000లో తాళాల వ్యాపారం స్వీడన్‌లోని ఆసా అబ్లాయ్‌కు, ఇనప్పెట్టెలు స్వీడన్‌కే చెందిన గున్నెబోకు వెళ్లాయి. అలారాల వ్యాపారం 2003లో అమెరికాలోని యునైటెడ్ టెక్నాలజీస్‌కు, దాని నుంచి విడిపోయిన క్యారియర్‌కు, 2022లో మళ్లీ ఏపీఐ గ్రూపుకు చేరింది. ఆస్ట్రేలియాలో గార్డుల్ని ఇచ్చే భాగాన్ని ఎవరు కొన్నారనుకుంటున్నారు? 2008లో పాట్నాకు చెందిన మన ఎస్ఐఎస్. బీహారులో ఆర్.కె. సిన్హా 1974లో మాజీ సైనికులతో మొదలుపెట్టిన సంస్థ అది. బ్రిటిషు పేరున్న కాపలా ముక్కను పాట్నా కొనుక్కోవడం నాకు ముచ్చటగానే ఉంటుంది. కానీ పాత చబ్ పెట్టె ఉన్న ఇంటివాళ్లు దాని తాళం సంగతి ఒకరిని, పెట్టె సంగతి ఇంకొకరిని, అలారం సంగతి మరొకరిని అడగాలి. పేరు మాత్రం మూడింటి మీదా చబ్ అనే ఉంటుంది.

ఆసా అబ్లాయ్ సంగతి ఇంకాస్త చెప్పాలి. 1994లో స్వీడన్ ఆసా, ఫిన్లాండు అబ్లాయ్ కలిసి పుట్టిన ఈ సంస్థ అప్పటి నుంచి కొన్న కంపెనీలు మూడు వందలు దాటాయి. యేల్ దానిదే, ఆఫీసు తలుపుల దగ్గర మనం కార్డు పెట్టే హెచ్ఐడీ దానిదే. 2022లో అమెరికా న్యాయశాఖ దీని మీద కోర్టుకెక్కింది. క్విక్‌సెట్ తాళాలు చేసే వ్యాపారాన్ని 430 కోట్ల డాలర్లకు కొనబోతే, ఇలా అయితే తలుపు తాళాల్లో పోటీయే మిగలదని అడ్డుపడింది. చివరికి యేల్ పేరు మీద అమెరికా, కెనడాల్లో నడిచే ఇళ్ల స్మార్ట్ తాళాల వ్యాపారాన్ని, ఎమ్‌టెక్ అనే ఇంకో బ్రాండును వేరే కంపెనీకి అమ్మేశాకే 2023లో దారి దొరికింది. తాళం అంత చిన్న వస్తువుకు అంత పెద్ద తగాదా.

లాభం రాని కొనుగోళ్లు కూడా చూడాలి. మా సారు బతికుంటే పరీక్షలో ఇదే లెక్క ఇచ్చేవారు. కాలిఫోర్నియాలోని పెల్కో ఒకప్పుడు కెమెరాల్లో పెద్ద పేరు. 2007లో ఫ్రాన్స్‌కు చెందిన ష్నైడర్ దాన్ని 154 కోట్ల డాలర్లకు కొంది. 2019లో ఒక పెట్టుబడి సంస్థకు వదిలించుకుంది. 2020లో మోటరోలా సొల్యూషన్స్ కొన్నప్పుడు దాని వెల 11 కోట్ల డాలర్లు. పదమూడేళ్లలో వెల పద్నాలుగో వంతుకు పడిపోయింది. గుడ్‌విల్ ఖాతా ఏమైందో మీరే వేసుకోండి. కారణం పెద్ద రహస్యం కాదు. ఆ మధ్యకాలంలో కెమెరా అనలాగ్ తీగ వదిలి ఇంటర్నెట్ తీగ ఎక్కింది. చైనాలోని హాంగ్‌జౌ నగరం నుంచి హైక్‌విజన్, దాహువా సగం ధరకు సరుకు పంపాయి. పెట్టెలో విలువ తగ్గి సాఫ్ట్‌వేర్‌లో విలువ పెరిగింది. కెనన్ 2014లో మైల్‌స్టోన్‌ను, 2015లో యాక్సిస్‌ను కొన్నా, మోటరోలా 2018లో ఎవిజిలాన్‌కు 100 కోట్ల డాలర్లు పెట్టినా, హనీవెల్ 2024లో క్యారియర్ దగ్గర తలుపుల నియంత్రణ వ్యాపారాన్ని 495 కోట్ల డాలర్లకు తీసుకున్నా, అందరూ చూసింది ఒకటే: పెట్టె ఒక్కసారి అమ్ముడవుతుంది, సాఫ్ట్‌వేర్ చందా నెలనెలా వస్తుంది.

గార్డుల వ్యాపారం లెక్క వేరు. అందులో మిగులు బహు తక్కువ, కాబట్టి సంఖ్య ఉంటేనే నిలబడతారు. 2021లో అమెరికాలోని అలైడ్ యూనివర్సల్ బ్రిటన్‌కు చెందిన జీ4ఎస్‌ను 380 కోట్ల పౌండ్లకు కొంటే, రెండూ కలిసి 8 లక్షల మంది ఉద్యోగులయ్యారు. మన దగ్గర 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద గార్డుకు 160 గంటల శిక్షణ ఉండాలి. అందులో 100 గంటలు తరగతిలో, 60 గంటలు క్షేత్రంలో. హైదరాబాదులో, బెంగళూరులో అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర పన్నెండు గంటల డ్యూటీ చేసే మన సీమ కుర్రాళ్లను అడగండి, 160 గంటల్లో ఎన్ని చూశారో. ఏటీఎం దగ్గర ముసలి వాచ్‌మన్ కూర్చోవడం ఇప్పుడు అరుదైంది. ఎక్కడో కంట్రోల్ రూములో కూర్చున్నవాడి గొంతు గోడలోని మైకు లోంచి పలుకుతుంది. ఈ మార్పును నేను తిట్టను. కానీ వాచ్‌మన్ జీతం మిగిలిన చోట ఆ మిగులు ఎవరి ఖాతాలో పడిందో అడిగే హక్కు మనకుంది.

ఇక కొప్పర్తి. నేను ఎక్కువ సేపు నిలబడదలచుకున్నది ఇక్కడే.

సీపీ ప్లస్ కెమెరాలు మీరందరూ చూసి ఉంటారు. ఆ పేరు యజమాని ఢిల్లీ పరిసరాల్లోని ఆదిత్య ఇన్ఫోటెక్. చైనా దాహువా సరుకును మన దేశంలో పంపిణీ చేసిన సంస్థ కూడా అదే. 2017లో ఆదిత్య, ఎలక్ట్రానిక్స్ వస్తువుల్ని ఇతరుల పేరు మీద తయారుచేసిపెట్టే డిక్సన్ టెక్నాలజీస్ చెరిసగం వాటాతో ఏఐఎల్ డిక్సన్ అనే కంపెనీ పెట్టాయి. ఫ్యాక్టరీ మొదట తిరుపతిలో నడిచింది. 2021 డిసెంబరు 23న కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్ ప్రారంభమయ్యాక పని ఇక్కడికి చేరింది. 2025 నాటికి ఇక్కడి ఫ్యాక్టరీ సామర్థ్యం ఏడాదికి 1 కోటి 72 లక్షల వస్తువులు. బోర్డుల మీద చిప్పులు అతికించే వరసల్లో, లెన్సులు సరిచూసే బల్లల దగ్గర పనిచేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు.

2024 సెప్టెంబరులో ఈ ఇద్దరి భాగస్వామ్యం ముగిసింది. డిక్సన్ తన 50 శాతం వాటాను ఆదిత్యకు అప్పగించింది. విద్యార్థులు ఇక్కడ ఆగి గమనించాలి: చేతులు మారింది నగదు కాదు. డిక్సన్‌కు ఆదిత్యలో సుమారు ఆరున్నర శాతం వాటా వచ్చింది. వాటాకు వాటా. ఏడాది తిరక్కుండా, 2025 జులై చివర్లో ఆదిత్య 1,300 కోట్ల పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. షేరు 675 రూపాయలకు ఇస్తే, ఆగస్టు 5న మార్కెట్లో నమోదైన రోజే వెయ్యి దాటింది. ఇష్యూ ధర లెక్కన చూసినా డిక్సన్ చేతిలోని వాటా విలువ నాలుగు వందల కోట్లు దాటింది. ఫ్యాక్టరీలో సగం పాలు వదులుకుని, ఫ్యాక్టరీ, బ్రాండు, పంపిణీ అన్నీ కలిసిన కంపెనీలో చిన్న పాలు తీసుకోవడం మంచి బేరమేనని నా లెక్క. ఆదిత్యకు అంతకంటే మంచిది. తన సరుకు తయారయ్యే చోటు పూర్తిగా తన చేతికి వచ్చింది. అదీ సరిగ్గా అవసరమైన వేళకు.

ఆ వేళ ఎందుకంత ముఖ్యమంటే, 2024 ఏప్రిల్ 9న కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ సీసీ కెమెరాలకు కొత్త భద్రతా నిబంధనలు ప్రకటించింది. కెమెరాలోని ప్రధాన చిప్ ఎక్కడిది, లోపలి సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా మార్చగలరా, దృశ్యాలు గుప్తలిపిలో వెళ్తున్నాయా, దొడ్డిదారి ఏదైనా ఉందా అని ప్రభుత్వ గుర్తింపున్న ప్రయోగశాలలో పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. 2025 ఏప్రిల్ 9 నుంచి అది లేని కొత్త సరుకు అమ్మడానికి వీల్లేదన్నారు. అమెరికా ఇంతకుముందే, 2018 రక్షణ చట్టంలో, హైక్‌విజన్, దాహువా సరుకును తన ప్రభుత్వ కార్యాలయాల్లోకి రానివ్వలేదు. మన నిబంధన ఏ దేశం పేరూ ఎత్తలేదు. పరీక్ష అందరికీ ఒకటే అంది. కానీ దాని దెబ్బ ఎవరికి తగిలిందో వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ ఖాళీని పూరించడానికి దేశీయ కంపెనీలు పరుగెత్తాయి. కొప్పర్తి ఆ పరుగులో ముందుంది.

అలాగని మన జిల్లాలో చేసిన కెమెరాలో అంతా మనదేనని మురిసిపోవద్దు. దృశ్యాన్ని పట్టే సెన్సరు, దాన్ని నడిపే చిప్పు ఇంకా బయటి దేశాల నుంచే వస్తాయి. బోర్డు బిగించడం, సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, పరీక్షించడం ఇక్కడివి. ఇది చిన్న పని కాదు, మొదటి మెట్టు. అయితే మొదటి మెట్టు మీదే కూర్చోవద్దన్నది నా మాట.

నిబంధన ఎందుకు కావాలో రెండు సంఘటనలు చెబుతాను. 2016లో మిరాయ్ అనే చెడ్డ ప్రోగ్రాం ప్రపంచమంతా ఇళ్లలోని కెమెరాల్లోకి, రికార్డర్లలోకి దూరింది. ఎలా? ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డును ఎవరూ మార్చలేదు కాబట్టి. ఆ అక్టోబరులో వాటన్నిటినీ ఒక్కసారిగా ఉసిగొల్పితే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి మూగబోయాయి. 2021 మార్చిలో వెర్కాడా అనే కంపెనీ క్లౌడులోకి హ్యాకర్లు దిగి దాదాపు లక్షన్నర కెమెరాలు చూశారు. ఆసుపత్రులు, జైళ్లు, ఫ్యాక్టరీలు. కాపలా కోసం పెట్టినవే ఊరందరికీ తెరిచిన కిటికీలయ్యాయి.

ఇప్పుడు మన కొట్లలోకి. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం తెచ్చింది. ఒకేసారి వందమంది చేరే చోటల్లా కెమెరాలు పెట్టాలి, దృశ్యాలు నెలరోజులు దాచాలి. మన దగ్గర పెద్ద నగల దుకాణాలు దీని కిందికే వస్తాయి. కెమెరాలు పెట్టారు కూడా. కానీ చోరీ వార్తల్లో తరచూ వచ్చే వాక్యం ఒకటుంది: దొంగలు వెళ్తూ వెళ్తూ డీవీఆర్‌ను కూడా ఎత్తుకెళ్లారు. ఎందుకంటే రికార్డరును గల్లాపెట్టె కిందనో, ఇనప్పెట్టె పక్కనో పెడతాం. సొమ్ము పోయిన చోటే సాక్ష్యమూ పోతుంది. దీనికి మందుగా క్లౌడును అమ్ముతున్నారు. మంచిదే. కానీ క్లౌడంటే మన కొట్టు దృశ్యాలు వేరే కంపెనీ కంప్యూటర్లో ఉండటం. ఆ కంపెనీని ఇంకొకరు కొంటే దృశ్యాల మీద పెత్తనం కూడా వాళ్ల చేతికే. ఏ గిరాకీ ఎప్పుడొచ్చాడు, ఏ ఆసామి ఎంత సేపు కూర్చున్నాడు అన్నది బంగారు వర్తకుడికి లెక్కల పుస్తకమంత గుట్టు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది కానీ, దాన్ని చూపి అడగాల్సింది మనమే.

పులివెందుల వైపు కథ వేరే. అక్కడ కాపలా అనగానే బయటివాళ్లకు గన్‌మెన్లు, ఫ్యాక్షన్ రోజులే గుర్తొస్తాయి. అది నేటి నా విషయం కాదు. ఆ ఊరి చుట్టూ ఉన్న అరటి, చీనీ తోటల్లో ఇవాళ కొత్త కావలికారు నిలబడ్డాడు: సోలార్ పలకతో, సిమ్ కార్డుతో నడిచే చిన్న కెమెరా. మోటారు కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లోని రాగి, డ్రిప్పు పైపులు పోకుండా రైతు పెట్టుకుంటున్నాడు. రాత్రి మనిషి కదిలితే ఫోన్ మోగుతుంది. చాలా ఉపయోగం. కానీ పేరూ ఊరూ లేని పెట్టె అయితే ఆ యాప్ ఏ దేశంలోని సర్వరుతో మాట్లాడుతోందో, కంపెనీ మూతపడితే కెమెరా ఏమవుతుందో రైతుకు చెప్పేవాడు లేడు. యాప్ ఆగిందంటే స్తంభం మీద మిగిలేది ప్లాస్టిక్ డబ్బానే.

దీనితో పోలిస్తే మన పోలీసుల తాళం వేసిన ఇళ్ల నిఘా పథకం, ఎల్‌హెచ్‌ఎంఎస్, నాకు నచ్చింది. ఊరెళ్లేవాళ్లు అడిగితే పోలీసులు వచ్చి ఇంట్లో కెమెరా బిగిస్తారు. కదలిక కనబడితే కంట్రోల్ రూముకు సంకేతం వెళ్తుంది. సాంకేతికంగా గొప్పదేమీ కాదు. అయితే అందులో జవాబు చెప్పే మనిషి ఉన్నాడు. ఫలానా స్టేషను, ఫలానా ఎస్సై. పాత కావలిలోని మంచి షరతు కొంతైనా బతికింది ఇక్కడే.

విద్యార్థులకు ఒక మాట. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల ఉంది, పులివెందులలో జేఎన్‌టీయూ కళాశాల ఉంది, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. మూడింటికీ అందేంత దూరంలో దేశంలోకెల్లా పెద్ద కెమెరా ఫ్యాక్టరీ ఉంది. కాబట్టి ఒక కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్‌ను విప్పి, అది ఎవరితో మాట్లాడుతోందో పరీక్షించగల ప్రయోగశాల ఈ మూడింట్లో ఒక్కదాంట్లోనైనా రావాలి. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఇంతకంటే పనికొచ్చే విషయం నాకు కనబడటం లేదు. ఊళ్లలో కెమెరాలు బిగించే కుర్రాళ్లకు పాస్‌వర్డు మార్చడం, సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించడం, రికార్డరును వేరే గదిలో దాచడం నేర్పే వారం రోజుల శిక్షణ ఐటీఐలు ఇవ్వగలవు. దానికి ప్రభుత్వం దిగిరానక్కర్లేదు, వర్తక సంఘం తలుచుకుంటే చాలు.

వర్తకులకు నా విన్నపం. దసరాకు అమ్మవారిశాల ముందు జనం కిక్కిరిసేలోగా మీ కొట్టులో ఒక పని చేయండి. కెమెరాలు బిగించిన వ్యక్తిని పిలిచి, బిల్లు వెనకాల తన చేత్తో నాలుగు సంగతులు రాయించుకోండి. సరుకు ఏ కంపెనీది, దానికి ప్రభుత్వ ధ్రువపత్రం ఉందా, సాఫ్ట్‌వేర్ ఎప్పటిదాకా వస్తుంది, ఆ కంపెనీ అమ్ముడుపోతే మీ దృశ్యాలకు పూచీ ఎవరు. రాయనంటే డబ్బు ఆపండి.